బ్రేకుకు దాత లేడు

బోను దినచర్య. రాయువాడు: చెన్నకేశవ, యంత్ర నియంత్రణలో పట్టభద్రుడు, పతక గ్రహీత (పతకానికి పూత పోయింది). ఉద్యోగం: గనిలోకి మనుషుల్ని ఎక్కించి దించే బోనును నడిపే కంప్యూటరు పక్కన స్టూలు మీద కూర్చోవడం. ఈ పుస్తకాన్ని పైవాళ్ళు చదువుతారని నియమావళిలో ఉంది. మా ఊరికి పైన ఎండ తప్ప ఎవరూ లేరు. కాబట్టి మనసు విప్పి రాస్తాను.

తారీఖులు వేయను. పొద్దు కనబడని ఊళ్ళో తారీఖు వట్టి మర్యాద. బోను గడప కంటే ఎంత కిందికి దిగి ఆగిందో అదే ఇక్కడ తారీఖు.

వేలెడు

ఈ పూట బోను గడప దాటి వేలెడు కిందికి దిగి ఆగింది. నిరుడు గోరంత ఉండేది. పురోగతి కనిపిస్తోంది.

మా ఊరు బిలాపురం. పేరు సంస్కృతం, ఊరు బొరియ. పూర్వం ఎవరో ముగ్గురాయి తవ్వుకుని వదిలేసిన గని ఇది. పైన ఎండ మనుషుల్ని మాడ్చడం మొదలుపెట్టాక మా ముత్తాతలు ఇందులోకి దిగారు. దిగేటప్పుడు గుడిని పైనే వదిలేశారు గానీ, గుడి గోడకున్న దాతల పలకల్ని మాత్రం జాగ్రత్తగా ఊడబెరికి తెచ్చుకున్నారు. ఆ వాసన ఇంకా పోలేదు. మా సొరంగంలో ఫ్యాను రెక్కకొక దాత పేరు. ట్యూబులైటు మీద దాత పేరు ఎంత లావుగా రాశారంటే, వెలుతురు సగమే వస్తుంది. సగం వెలుతురులో పేరు సరిగా కనబడడం లేదని పక్కన ఇంకో లైటు పెట్టారు. దానికి ఇంకో దాత.

పైన వాలు మీద అద్దాలున్నాయి. అవి ఎండను పట్టి కరెంటు చేస్తాయి, ఆ కరెంటుతో కింద మాకు గాలి ఆడుతుంది. అద్దాల మీద దుమ్ము రోజూ తుడవాలి. తుడిచేవాళ్ళు వేకువనే బోనెక్కి పోయి, ఎండ ముదరకముందు దిగివస్తారు. వాళ్ళ మేస్త్రీ మా వదిన పెంచలమ్మ. బోను ఆగగానే ఆమె గడప వైపు చూసింది, నా వైపు చూసింది. చదివిన చదువంతా ఈ సందులోకి జారిపోయినట్టుందే అబ్బీ, అంది. వేలెడే కదా వదినా అన్నాను. నీకు వేలెడు, తడిగుడ్డల మూట ఎత్తుకున్నోళ్ళకు అది మెట్టు, అని కాలెత్తి దాటింది.

కారణం నాకు తెలుసు. రాసి పెడుతున్నాను, రాబోయే తరాలవాళ్ళు నవ్వుకోవడానికి.

కంప్యూటరు లోపల వెనకాల నడిచే చిల్లర పనులకు దాన్ని తయారుచేసినవాళ్ళు సర్వీసులని పేరు పెట్టారు. దాన్ని తెలుగులోకి తెచ్చిన పుణ్యాత్ముడెవరో ‘సేవలు’ అన్నాడు. తెర మీద ఆ మాట చూడగానే మా ముత్తాతలు చెప్పులు విప్పారు. సేవ అన్నాక దాత ఉండాలి, దాత ఉన్నాక పలక ఉండాలి. ఒక్కో కుటుంబం ఒక్కో సేవ పట్టింది, అదీ శాశ్వతంగా. బోనెక్కినవాళ్ళకు స్వాగతం పలికే సేవ ఒకరిది. పుట్టినరోజులు గుర్తుచేసే సేవ ఒకరిది. పైన వాన పడుతుందా అని కనుక్కునే సేవ ఒకరిది. మూడు తరాలుగా దాని జవాబు ‘లేదు’. ప్రయాణం ఎలా ఉందో చుక్కలు వేయమని అడిగే సేవ ఒకటి. తెర మీద చేపలు ఈదే సేవ ఒకటి. ఊరిలోనే లేని ప్రింటరు కోసం అదే పనిగా వెతికే సేవ ఒకటి.

ఇది పాత పెట్టె. ఒకసారికి ఒక పనే చేయగలదు. మిగతావన్నీ వరసలో నిలబడాలి. వరసకో క్రమం ఉంది: ముందు మహారాజపోషకులు, తర్వాత రాజపోషకులు, ఆ తర్వాత వట్టి పోషకులు. అందరి ముచ్చటా తీరాక, దాత లేనివాళ్ళు.

దాత లేని సేవ ఒకే ఒక్కటి: బ్రేకు. ‘వంశానికి బ్రేకు పడుతుంది’ అని ఎవరూ దాని మీద పేరు వేయించుకోలేదు.

అందుచేత బోను గడప దగ్గరికి వస్తుంది, చేపలు ఈదుతాయి, వాన కనుక్కుంటుంది, ప్రింటరు దొరకదు, అప్పుడు బ్రేకు పడుతుంది.

బెత్తెడు

వదిన ఈ రోజు గడప చూడలేదు, కిందికి చూసింది. కింద ఊటగుంట ఉంది. గని గోడల్లో ఊరే నీళ్ళన్నీ అక్కడ చేరతాయి. బోను తలుపు గడప దగ్గర తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే మిగతాది ఎవరికైనా అర్థమవుతుంది, సేవాసంఘానికి తప్ప.

సేవాసంఘానికి అధిపతి లింగమూర్తిగారు. మెడలో సొంత పేరున్న కండువా వేసుకుంటారు. నిన్న నేను వెళ్ళి, అక్కరలేని సేవలు కొన్ని ఆపితే బ్రేకుకు వరసలో చోటు దొరుకుతుందని మనవి చేసుకున్నాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. పక్కనున్న గుమాస్తా కూడా మూసుకున్నాడు.

“సేవను ఆపడమనే మాట మన నోటి వెంట రాకూడదు నాయనా.”

తర్వాత పూర్వకాలపు ఆచారం మీద ఉపన్యాసం. దేవుడికి సుప్రభాతం నుంచి ఏకాంతం దాకా సేవలుండేవట. మా ఊరి పెట్టెకు ఆ వరసలో అన్నీ సమకూరాయట. చివరి ఏకాంత సేవ ఒక్కటే లోటు. తలుపులు మూసి, దీపం తగ్గించి, పలికే నోరూ చూసే కన్నూ లేకుండా జరిగే సేవ కాబట్టి దాత రాలేదట. ఎవరూ చూడని చోట ఎవరు పేరు వేయించుకుంటారు, అని ఆయనే నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు నిజాయితీగా ఉంది. ఆయనలో నేను చూసిన నిజాయితీ అంతే.

నా ఫిర్యాదు వృథా పోలేదు. సంఘం చర్య తీసుకుంది. ‘గడప దగ్గర సందున్నది, జాగ్రత్త’ అని మధుర స్వరంతో చెప్పే కొత్త సేవ పెట్టారు. రాజపోషక హోదా. అది మాట పూర్తిచేసేదాకా బ్రేకు ఆగాలి. అందుకే నిన్నటి వేలెడు ఈ రోజు బెత్తెడయింది. హెచ్చరిక మాత్రం నిజమే చెబుతోంది.

మళ్ళీ వేలెడు

పనికిమాలినవాటిలోకెల్లా పనికిమాలినదాన్ని ఎంచుకున్నాను. ప్రింటరు సేవ మీద వేలు పెట్టి ‘ఆపు’ నొక్కాను. భూమి బద్దలు కాలేదు. బోను దిగింది, వేలెడు దగ్గర ఆగింది. వదిన గడప దాటుతూ కనుబొమ్మ ఎత్తింది. మా ఇంట్లో అది పతకం కంటే పెద్దది.

భోజనాల వేళకు గురవమ్మవ్వ వచ్చింది. ప్రింటరు సేవ ఆమె పెనిమిటి పేరు మీద ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఏ సేవ ఆగినా పెట్టె దాత ఇంటికి కబురు పంపుతుందని నాకు తెలియదు. ఆ కబురు పంపే పనీ ఒక సేవేనట.

“మా ఆయన అప్పట్నించి ప్రింటరు కోసరం ఎతుకుతాండాడు,” అంది అవ్వ. “దొరికేదాకా ఎతకనీ. మద్దెలో ఆపమనేదానికి నువ్వెవురు?”

ప్రింటరు మన ఊళ్ళో లేదవ్వా, అన్నాను. లేదని ఎతకడం మానుకుంటారా ఎవురన్నా, అంది.

జానెడు

సంఘం నాకు శిక్ష వేసింది. నిండుసభలో పెట్టె ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ప్రింటరు సేవకు క్షమాపణ చెప్పాలి. చెప్పాను. లేని ప్రింటరుకు క్షమాపణ చెప్పిన మొదటి పట్టభద్రుణ్ణి నేనే. చరిత్రలో నిలబడడానికి చాలామంది చాలా కష్టపడ్డారు, నాకిది తేలికగా దొరికింది.

క్షమాపణ అక్కరలేదు కూడా. పొద్దున పెట్టెను మేలుకొలపగానే ప్రింటరు సేవ తనంతట తనే లేచి వెతకడం మొదలుపెట్టింది. ‘ఆపు’ అంటే ఆ పూటకే. మళ్ళీ లేవకుండా ఉండాలంటే, పెట్టె కళ్ళు తెరిచినప్పుడు ఎవరెవరు లేవాలో చెప్పే పట్టికలోంచి పేరు కొట్టెయ్యాలి. ఆ పట్టికకు తాళం ఉంది. తాళపు మాట లింగమూర్తిగారికొక్కరికే తెలుసు.

నా శిక్షను చల్లగా స్మరించుకోవడానికి ‘అపచార నివారణ సేవ’ అని మరొకటి పెట్టారు. జానెడు.

జానెడు సందు ఎక్కి రావడానికి వదిన గోడ పట్టుకుంది. ఆమె వెనక జట్టులోని చిన్న పిల్ల జారితే జబ్బ పట్టి లాగింది. నేను చెయ్యి అందించబోతే తోసేసి స్టూలు మీద కూలబడింది. ఇక పైకి పోవద్దు వదినా అన్నాను. పోకపోతే అద్దాలు ఎవరు తుడుస్తారు, నీ సేవాసంఘమా, అంది. అది కాదులే, మా అన్నకు ఏం చెప్పాలి నేను, అన్నాను. ఆమె పెట్టె వైపు చూస్తూ కూర్చుంది. స్వాగతం పలుకుతోంది అది, ఖాళీ బోనుకు.

“ఆ పెట్టెను ఒక్క గడియ ఒంటిగా వదిలిపెట్టే నాథుడు లేడే ఈ ఊళ్ళో. దాని బతుకూ నా బతుకూ ఒకటే అబ్బీ.”

కొలత వేయలేదు

ఈ రోజు దాతల దినోత్సవం. లింగమూర్తిగారు తన పేరు మీద కొత్త సేవ ప్రారంభించారు. పేరు ‘దాతల నామావళి’. బోను గడప సమీపించినప్పుడల్లా పెట్టె ఊళ్ళోని దాతలందరి పేర్లూ గోత్రాలతో సహా చదువుతుంది. మహారాజపోషక హోదా కాబట్టి అందరికంటే ముందు చదువుతుంది.

మొదట ఖాళీ బోనుతో నడిపి చూద్దామని అడిగాను. ఖాళీ బోనులో వినేవాళ్ళెవరుంటారు నాయనా అన్నారు. అప్పటికే వదిన జట్టు పైనుంచి దిగుతోంది.

ఊరంతా గడప దగ్గర చేరింది. పూలదండలు, కండువాలు, పళ్ళెంలో కర్పూరం. బోను కనబడింది. నామావళి మొదలైంది. బోను గడప దగ్గరికి వచ్చింది. ఆగలేదు. వదిన ముఖం నా ముఖానికి ఎదురుగా వచ్చి, నా ఛాతీకి ఎదురుగా వచ్చి, నా మోకాళ్ళకు ఎదురుగా వచ్చి, కిందికి పోయింది. నన్నే చూస్తూ పోయింది. ఫలానా వారి కుమారులు, ఫలానా వారి మనుమలు అని పెట్టె చదువుతూనే ఉంది. నీళ్ళ చప్పుడు వినబడింది.

అప్పుడు బ్రేకు పడింది. ఎందుకో తర్వాత చూశాను. నామావళి చదివే గొంతు ఒక పొడవాటి పేరు దగ్గర ఊపిరి పీల్చుకుంది. ఆ సందులోంచి బ్రేకు దూరింది. ఆ దాత తండ్రి తన కొడుక్కి ఇంకాస్త పొట్టి పేరు పెట్టి ఉంటే, ఊపిరి తీసుకోవలసిన చోటు అంత తొందరగా వచ్చేది కాదు.

కార్యక్రమంలో భాగమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

నేనూ మరో ఇద్దరూ చేతిచక్రం తిప్పి బోనును పైకి తెచ్చాం. లోపలున్నవాళ్ళంతా గొంతు దాకా తడిసి ఉన్నారు. వదిన చిన్న పిల్లను భుజాల మీద ఎత్తుకుని నిలబడి ఉంది. దించడానికి చేతులు రాలేదు, బిగుసుకుపోయాయి. నేనే వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాను. తలుపు తెరుచుకోగానే పెట్టె, ప్రయాణం ఎలా ఉందో చుక్కలు వేయమని అడిగింది.

సాయంత్రం సంఘం అత్యవసరంగా సమావేశమై, నీటిమట్టం ప్రకటించే సేవకు దాతలను ఆహ్వానించింది. ఇద్దరు ముందుకొచ్చారట. పోటీ ఉందట.

ఈ పేజీలో నేను వెక్కిరించదలచుకున్నది ఇంకా చాలా ఉంది. పుస్తకం మూసేస్తున్నాను.

ఇంకా కొలత లేదు

లింగమూర్తిగారి ఇంటికి పోయాను, స్నానం చేసి, విభూతి పెట్టుకుని. చెప్పులు వీధిలోనే విడిచాను. ఆపడమనే మాట ఎత్తలేదు.

ఏకాంత సేవ లోటు తీరిపోవాలని నాకు కోరికగా ఉందని విన్నవించుకున్నాను. ఆయన కళ్ళు మెరిశాయి, వెంటనే ఆరిపోయాయి. చూసేవాళ్ళు లేని సేవకు దాత ఎవడొస్తాడయ్యా అన్నారు.

“చూపించుకోవలసినవాళ్ళు రారండి,” అన్నాను. “ఆ అవసరం లేనంత పెద్దవాళ్ళకే అది చెల్లుతుంది. బిలాపురంలో అలాంటివారు ఒక్కరే ఉన్నారు. పేరు నా నోటితో చెప్పించకండి.”

చెప్పించలేదు. కండువా సర్దుకున్నారు. మహారాజపోషకుల కంటే పైన ఏముంటుందని అడిగారు. చక్రవర్తి పోషకులు అన్నాను, అప్పటికప్పుడు. నా చదువు మొత్తంలో నాకు అక్కరకొచ్చిన పదం అదే.

తర్వాత విధివిధానాలు. ఏకాంతమంటే తక్కిన సేవలన్నీ పవళించాలి, గుడిలోనూ అంతే కదా. ఆయన భ్రుకుటి ముడిపడింది. ఆపుతావా అన్నారు. శివ శివ, ఆపడమేమిటండీ, పవళింపజేస్తాను, దుప్పటి కప్పి, అన్నాను. బోను కదులుతున్నంతసేపూ ఏకాంతం. బోను కదలనప్పుడు మేలుకొలపవచ్చునని విధానంలో రాశాను. ఎవరు మేలుకొలపాలో, ఏ మీట నొక్కాలో రాయలేదు. అది అడిగేంత ఓపిక చక్రవర్తి పోషకులకు ఉండదు.

లోపల ఎవరూ ఉండరా, అని చివరగా అనుమానపడ్డారు. ఏకాంతంలో పాదాల దగ్గర ఒక్క పరిచారకుడు ఉంటాడు కదండీ, పేరూ గోత్రమూ లేనివాడు, అన్నాను. నిజమే, ఉండేవాడు, అని తల ఊపారు. ఆ పరిచారకుడు ఎవరో ఆయన అడగలేదు. నేను బ్రేకని చెప్పలేదు.

తాళపు మాట నా చెవిలో చెప్పారు. ఆయన పేరే. వెనకనుంచి ముందుకు రాసినా బాగుండేది, అదీ కాదు.

పెట్టె ముందు కర్పూరం వెలిగించి, ఊరందరి ఎదుటా, ఒక్కొక్క సేవనూ పేరు పేరునా పిలిచి, లేచే పట్టికలోంచి కొట్టేశాను. ప్రతిదానికీ ‘పవళించండి’ అన్నాను. జనం చేతులు జోడించారు. స్వాగతం పవళించింది, వాన పవళించింది, చేపలు పవళించాయి, నామావళి దీర్ఘంగా పవళించింది. కబురు పంపే సేవను అందరికంటే ముందే పవళింపజేశాను, ఒకసారి కాలినవాణ్ణి. ప్రింటరు దగ్గరికి వచ్చేసరికి గురవమ్మవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. తిట్టడానికనుకుని తల వంచాను.

“మా ఆయన గూడా పండుకుంటాడా?”

“పండుకుంటాడవ్వా.”

“పండుకోనీలే. చానా అలిసిపోయింటాడు.”

నాకు ఆ సమయంలో చమత్కారమేదీ తోచలేదు. మెల్లగా నొక్కాను.

గడప

బోను గడపకు సమానంగా ఆగింది. గోరు దూర్చి చూశాను, దూరలేదు. మా లెక్క ప్రకారం ఈ రోజుకు తారీఖు లేదు.

ఆగేటప్పుడు ‘టక్’మని ఒక్క చప్పుడైంది. ఇన్ని తరాల్లో బ్రేకు పడే చప్పుడు ఎవరూ విన్నట్టు లేదు, ఎప్పుడూ దాని మీద ఎవరో ఒకరు పాడుతుండేవారు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది ఎవరి సేవ అని లింగమూర్తిగారే అడిగారు. మీ ఏకాంతానికి తలుపు గడియ పడిందండి, అన్నాను. పరవశించిపోయారు.

తలుపు తెరుచుకుంది. ముందు వదిన. మూట నెత్తిన పెట్టుకుని, గోడ పట్టుకుని, అలవాటు ప్రకారం మోకాలు దాకా కాలెత్తి, లేని మెట్టు ఎక్కబోయింది. తూలి వచ్చి నా మీద పడింది, మూటతో సహా. ఆమె వెనకున్న చిన్న పిల్లా అంతే, ఆ వెనకవాళ్ళూ అంతే. చదునైన నేల మీద బిలాపురం అద్దాల జట్టు మొత్తం ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు.

వెంటనే లింగమూర్తిగారు, ‘గడప సమానంగా ఉన్నది, జాగ్రత్త’ అని చెప్పే సేవ అవసరమని ప్రతిపాదించారు. ఇద్దరు దాతలు చెయ్యెత్తారు.

వదిన నా మీదనుంచి లేవకుండానే, తడిగుడ్డ ఒకటి నా ముఖాన కొట్టింది.

“సమంగా ఉండాదని ముందుగా ఒక మాట చెప్పొచ్చు గదబ్బీ.”

“చెప్పేవాళ్ళంతా పండుకోనుండారు వదినా.”

ఆమె గడప వైపు చూసింది. చేత్తో తడిమి చూసింది, అటునుంచి ఇటు, బోను అంచునుంచి మా నేల దాకా.

“సరే,” అంది. “ఎవురినీ లేపాకండి.”